మాస్టారికి నూటికి ముప్ఫై ఒకటి

కారు కంపెనీ పెద్దలకు నమస్కారాలు.

మీరు మా అబ్బాయి పేర పంపిన ఉత్తరం నిన్న అందింది. మా అబ్బాయి లేడు. చనిపోయి నలభై రెండు రోజులైంది. కాబట్టి విప్పి చదివింది నేను, వాడి అమ్మను. ఐదో తరగతి దాకా చదువుకున్నాను. ఆ తరువాత చదివినదంతా మందు సీసాల మీద, బస్సుల నుదుటి మీద. అందుకని మీ ఉత్తరం మూడుసార్లు చదవవలసి వచ్చింది. మూడోసారి కూడా అదే రాసి ఉంది.

మీరు రాసింది ఇది. "ప్రియమైన చోదకుడా, యాభై ఒక్క రోజులుగా మీరు కారు నడపలేదు. చివరి వంద కిలోమీటర్లలో మీ నైపుణ్యానికి మా కారు వేసిన మార్కులు నూటికి ముప్ఫై ఒకటి. మీరు బలహీన చోదకుల వర్గంలో ఉన్నారు. దిగులుపడకండి. మా ప్రాథమిక మెలకువల తరగతిలో చేరండి."

తొమ్మిది రోజులు జ్వరం, నలభై రెండు రోజులు ఇది. యాభై ఒకటి లెక్క సరిపోయింది. ముప్ఫై ఒకటి లెక్కే సరిపోలేదు.

అయ్యా, మా వాడు డ్రైవింగు నేర్పే మాస్టారు. పదకొండేళ్ళు నేర్పాడు. ఇక్కడ అంబులెన్సు నడిపే మనిషి, పాల వ్యాను నడిపే ఆవిడ, బడి బస్సు నడిపే ఆయన, అందరూ వాడి చేతి కింద నేర్చుకున్నవాళ్ళే. ఇన్నేళ్ళలో వాడి కారుకి పడింది ఒక్కటే గీత. అది కూడా మా గేటు వేసింది, గాలికి.

అలాంటివాడికి ముప్ఫై ఒకటి. బడిలో ముప్ఫై ఐదు వస్తే గాని పాసు కాదు. వాడు ఉంటే నవ్వి ఊరుకునేవాడు. లేడు కాబట్టి ఊరుకోవడం నాకు చేతకావడం లేదు. వాడి పేరు పక్కన ఆఖరుగా నిలిచిపోయిన అంకె అది. దయచేసి దిద్దండి. తొంభైలు కావాలని అడగడం లేదు. న్యాయంగా ఎంత వస్తే అంత.

ఇట్లు,
మాస్టారి అమ్మ

మళ్ళీ రాస్తున్నది: ఆ మార్కులు వేసిన పెద్దమనిషిని ఒకసారి మా ఇంటికి పంపండి. మా వాడి పక్కన కూర్చోకుండా మార్కులెలా వేశాడో అడగాలని ఉంది. టీ ఇస్తాను.

---

గౌరవనీయులైన వినియోగదారులకు,

తమ ఫిర్యాదు అందింది. తమకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము.

మార్కులు వేసేది మనుషులు కారని తెలియజేస్తున్నాము. కారులోని కెమెరాలు చోదకుడి చేతులను, పాదాలను, చూపును నిరంతరం గమనించి మార్కులు వేస్తాయి. ఇందులో పొరపాటుకు తావు లేదు. మార్కులు మారాలంటే ఒకటే మార్గం. సదరు చోదకుడు తన సొంత తాళంతో మరో వంద కిలోమీటర్లు నడపాలి. ఏడు సహాయక సదుపాయాలనూ ఆపకుండా నడిపితే మార్కులు తప్పక పెరుగుతాయి.

తమ కుమారుడికి మా శుభాకాంక్షలు తెలియజేయగలరు.

ఇట్లు,
మూడవ బల్ల,
వినియోగదారుల సేవా విభాగం

గమనిక: ఇంటికి టెక్నీషియన్‌ను పంపమని తాము కోరినట్టు నమోదు చేసుకున్నాము. 'టీ' అనే విడిభాగం మా జాబితాలో కనిపించలేదు. దాని నంబరు తెలుపగలరు.

---

మూడో బల్ల గారికి నమస్కారం.

మీరు పేరు రాయలేదు కాబట్టి బల్ల గారనే అంటున్నాను, మరోలా అనుకోకండి బాబూ. మీ శుభాకాంక్షలు మా వాడి పటం ముందు నిలబడి చదివి వినిపించాను. చనిపోయాడని ముందు ఉత్తరంలో పై వరుసల్లోనే రాశాను. మీకు రోజుకి ఎన్ని ఉత్తరాలో, పై వరుసలు చదివే తీరిక ఉండకపోవచ్చు. అందుకని ఈసారి మధ్యలోనూ రాస్తాను, చివరా రాస్తాను.

పొరపాటుకు తావు లేదన్నారు. మీ కారు సంగతి నాకు కొంత తెలుసు. పదకొండేళ్ళు మా వాడి వెనక సీట్లో కూర్చున్నాను. ఆడపిల్లలు నేర్చుకోవడానికి వస్తే, తోడుగా ఒక ఆడమనిషి ఉంటేనే పంపుతామని ఇంట్లోవాళ్ళు అనేవారు. ఆ ఆడమనిషిని నేను. ఒళ్ళో చొక్కా పెట్టుకుని బొత్తాలు కుట్టుకుంటూ కూర్చునేదాన్ని. సూది వేలికి గుచ్చుకుందంటే ఆ పిల్లకి క్లచ్చి మీద పాదం ఇంకా నిలవడం లేదని అర్థం. గుచ్చుకోని రోజున, ఈ పిల్ల తేలిందిరా అని మా వాడికి చెప్పేదాన్ని. వాడు పరీక్షకి పంపేవాడు. నేను స్టీరింగు ఏనాడూ ముట్టుకోలేదు గాని పాఠమంతా నోటికి వచ్చు.

పాత కారు అరిగిపోతే నిరుడు మీది కొన్నాడు. గేరు బండి కావాలంటే ఇదొక్కటే ఉందన్నారట. గీత దాటితే స్టీరింగు తనే లాక్కుంటుంది. ముందు బండి దగ్గరైతే తనే బ్రేకు వేస్తుంది. వెనక్కి వెళ్తే బొమ్మ చూపిస్తుంది. మిగిలినవి కూత పెడతాయి. చూపు కనిపెట్టి కూసేది మాత్రం వేరే, దానికి స్విచ్చి లేదు. మా వాడు రోజూ పొద్దున్నే ఏడు స్విచ్చులూ వరసగా ఆపి, "సలహాదారులు ఏడుగురూ పడుకున్నారు, ఇక మనం నడుపుదాం" అనేవాడు. వాటి మీద వాడికి కోపమేమీ లేదు. బ్రేకు వేసేది ఒకసారి కుక్కను కాపాడిందని వాడే చెప్పాడు. ముందు పాదానికి రావాలి, ఆ తరువాత స్విచ్చి ఉన్నా నష్టం లేదు, అంతే వాడి పద్ధతి.

మా వాడు చనిపోయాడు. మరి ఆ వంద కిలోమీటర్లు ఎవరు నడపాలి? శిష్యుల్ని పిలిచాను. నేర్చుకునేవాళ్ళ కోసం వేరే తాళం ఉంది, దానికి మార్కులు లేవు. ఎర్ర దారం కట్టినది వాడి సొంత తాళం. అదే ఇచ్చాను. పాల వ్యాను ఆవిడ, బడి బస్సు ఆయన, అంబులెన్సు ఆయన తలా కొంత నడిపారు. మాస్టారి పరువు కదా, పరీక్ష రోజున నడిపినంత భయంగా నడిపారు. దిగేసరికి తెర మీద పందొమ్మిది.

కారణం నేను కళ్ళారా చూశాను. అద్దంలో కనిపించని చోటు ఒకటి ఉంటుంది, పక్కకి జరిగే ముందు మెడ తిప్పి దాన్ని చూడాలి. మా వాడి మొదటి పాఠం అదే. వీళ్ళు మెడ తిప్పిన ప్రతిసారీ మీ కారు "మీ చూపు రోడ్డు మీద లేదు" అని కూసి మార్కు కోసింది. అంబులెన్సు ఆయనకు, మీరు అలసిపోయారు, ఆగి కాఫీ తాగండి అని నాలుగుసార్లు చెప్పింది. నాలుగోసారి నిజంగానే ఆగి తాగి వచ్చాడు.

మా వాడు చనిపోయాడు.

ఇట్లు,
మాస్టారి అమ్మ

మళ్ళీ రాస్తున్నది: టీ విడిభాగం కాదు బాబూ, తాగేది. మీ ఆఫీసులో మీకు ఎవరూ ఇవ్వరా?

---

గౌరవనీయులైన మాతృమూర్తికి,

తమ కుమారుడి మరణవార్త పైన, మధ్యన, చివర నమోదు చేసుకున్నాము. ప్రగాఢ సంతాపం తెలియజేస్తున్నాము. శుభాకాంక్షలను వెనక్కి తీసుకుంటున్నాము.

మరణించిన చోదకుల మార్కులు దిద్దే విధానం మా నిబంధనల్లో లేదు. అయితే తొమ్మిదో నంబరు పత్రం నింపి పంపితే వారి పేరు, మార్కులు రెండూ పూర్తిగా చెరిపివేస్తాము. పత్రం మీద సదరు చోదకుడు స్వయంగా సంతకం చేయాలి. చేయలేని పక్షంలో, ఎందుకు చేయలేకపోయారో రాసి ఆ కింద సంతకం చేయాలి.

మెడ తిప్పడం విషయం విచారించాము. కారుకు వెనక కెమెరా, పక్కన బండి ఉంటే వెలిగే దీపాలు ఉన్నందున చోదకుడు మెడ తిప్పవలసిన అవసరం లేదని మా ఇంజనీర్ల అభిప్రాయం. టెక్నీషియన్ గురువారం వచ్చి, ఎర్ర దారపు తాళంతో తానే వంద కిలోమీటర్లు నడిపి కారును పరీక్షిస్తారు.

ఇట్లు,
మూడవ బల్ల

గమనిక: మాకు టీ నాలుగు గంటలకు ఇస్తారు. మూడవ బల్లకు వచ్చేసరికి చల్లారిపోతుంది.

---

మూడో బల్ల గారికి నమస్కారం.

పత్రం నింపడం లేదు బాబూ. నేను దిద్దమన్నాను, చెరపమనలేదు. చెరపడం ఎలాగూ జరుగుతూనే ఉంది, దానికి సంతకం కూడా ఎందుకు?

టెక్నీషియన్ గారు గురువారం వచ్చారు. యాభై దాటిన మనిషి, మర్యాదస్తుడు, చెప్పులు విడిచి షెడ్డులోకి వెళ్ళారు. మా షెడ్డు సందు చివర ఉంటుంది. కారును వెనక్కే తీసుకురావాలి, ముప్ఫై అడుగులు, ఒక పక్క కాలువ. అంతకుముందు పడ్డ వానకి వెనక కెమెరా కంటికి బురద కొట్టింది. ఆయన గేరు వేసి తెర చూస్తే అంతా గోధుమ రంగు. బొమ్మ రావడం లేదమ్మా అన్నారు. అద్దాలున్నాయి, మెడ ఉంది కదా నాయనా అన్నాను. ఆయన దిగి కాలువ చూసి వచ్చి కూర్చున్నారు. మళ్ళీ దిగి చూసి వచ్చారు. మూడోసారి దిగి కారు చుట్టూ తిరిగి, ఇంకో రోజు వస్తానన్నారు.

"నేర్చుకోకుండానే టెక్నీషియన్ అయ్యావా నాయనా?"

"ఇరవై రెండేళ్ళ కిందట నేర్చుకున్నానమ్మా. కెమెరాలు వచ్చాక మెడ అలవాటు తప్పింది. ఇప్పుడు తిప్పితే పట్టేస్తుంది."

ఇక లాభం లేదని వెనక సీట్లో కూర్చున్నాను. మెడ తిప్పు. ఇంకా తిప్పు. క్లచ్చి సగం దాకా వదిలి అక్కడే ఆపు, కారు తనే కదులుతుంది, నువ్వు తొందరపడకు. కాలువ నీ దగ్గరికి రాదు, నువ్వు వెళ్ళకపోతే చాలు. ఇలా చెబుతూ బయటికి తీయించాను. ఆ మాటలు నా నోట్లోంచి వస్తుంటే కాసేపు ఎవరో మాట్లాడుతున్నారనుకున్నాను. అవి నావి కావు కదా.

పెద్ద రోడ్డు ఎక్కాక ఆయనకు ప్రాణం లేచొచ్చింది. సలహాదారులు ఏడుగుర్నీ నిద్రలేపారు. చూపుడువేలు ఒక్కటి స్టీరింగుకి ఆనించారు, వేడి గిన్నె తాకి చూసినట్టు. తల ముందుకే పెట్టుకుని మోకాళ్ళ నొప్పుల గురించి చెప్పారు. తిరుగు దారిలో అరటిపండు ఒలుచుకుని తిన్నారు. ఆ కాసేపు వేలు కూడా లేదు. ఇంటి ముందు ఆపాక, మీ అబ్బాయికి తొంభై నాలుగమ్మా అని తెర చూపించారు.

చాలాసేపు చూశాను బాబూ. మా వాడి పేరు, పక్కన తొంభై నాలుగు. ఉత్తరం రాసి అడిగి తెచ్చుకున్నదే. సంతోషం రాలేదు. అరటిపండు తిన్నందుకు వచ్చిన మార్కులు అవి. ముప్ఫై ఒకటి ఎంత తక్కువదైనా వాడి చేతులు నడిపి తెచ్చుకున్నది. తక్కువ అని నేను చిన్నబుచ్చుకున్నాను గాని, అది మా వాడిది. ఇది ఎవరిదో.

ఆ తొంభై నాలుగు మీరు తీసేసుకోండి. వాడి ముప్ఫై ఒకటి నాకు ఇచ్చేయండి.

ఇట్లు,
మాస్టారి అమ్మ

మళ్ళీ రాస్తున్నది: టెక్నీషియన్ గారు ఇకనుంచి ఆదివారాలు వస్తానన్నారు, వెనక్కి తీయడం నేర్చుకోవడానికి. కంపెనీలో ఎవరికీ చెప్పొద్దన్నారు. మీరు మనిషి కాదు, బల్ల కదా అని చెబుతున్నాను.

---

గౌరవనీయులైన అమ్మగారికి,

మార్కులు తగ్గించమని ఒకరు కోరడం మా విభాగం చరిత్రలో ఇదే మొదలు. పెంచమనే ఫిర్యాదుకు పత్రం ఉంది, చెరపమనేదానికి ఉంది. తగ్గించమనేదానికి లేదు. కొత్త పత్రం తయారు చేయించాలంటే పత్రం కావాలని కోరే పత్రం నింపాలి. అవి అయిపోయాయి.

పై అధికారిని అడిగాము. తమకు ఆరోగ్యం బాగానే ఉందా అని ఆయన అడిగారు. బాగానే ఉందని మా పూచీ మీద చెప్పాము.

అంకె కిందికి రావాలన్నా దారి ఒకటే. ఆ తాళంతో ఎవరో ఒకరు నడపాలి. కారు ఆపినప్పుడు తెర మీద ఎంత ఉంటే అంత. ముప్ఫై ఒకటి దగ్గర ఆపి మరి నడపకపోతే ముప్ఫై ఒకటే ఉండిపోతుంది.

టెక్నీషియన్ గారి విషయం ఎక్కడా నమోదు చేయలేదు.

ఇట్లు,
మూడవ బల్ల

గమనిక: ఇది వ్యక్తిగతమైన ప్రశ్న. కెమెరా ఉన్నా మెడ తిప్పి చూడాలా? లైసెన్సు చేతికి వచ్చి చాలా కాలమైనవారికి కూడా ఇది వర్తిస్తుందా?

---

మూడో బల్ల గారికి నమస్కారం.

వర్తిస్తుంది బాబూ. లైసెన్సు జేబులో ఉంటుంది, మెడ పైన ఉంటుంది. దాని పని దానిదే.

మీరు చెప్పిన దారి కుదిరింది. వెతక్కుండానే మనిషి దొరికింది. పోయిన నెల మొదటి ఆదివారం ఒక అమ్మాయి వచ్చి, నేర్పుతారా అని అడిగింది. మాస్టారు లేడమ్మా అంటే, తెలుసండీ, మీరున్నారు కదా అంది. లైసెన్సు ఉందిట, కారు కూడా ఉందిట. ఆ కారు తనంతట తనే సందులో ఇరుక్కోకుండా నిలబడుతుందిట, ఈవిడ దిగి అవతల నిలబడి చూస్తుందిట. అంటే ఇన్నేళ్ళూ కారు ఎక్కింది గాని నడపలేదన్నమాట. నన్ను ముందు సీట్లో కూర్చోమంది. వెనకే కూర్చున్నాను. నాకు మాటలు అక్కడి నుంచే వస్తాయి.

సలహాదారుల్ని పడుకోబెడితే మొదటి రోజు ఆ పిల్ల మొహంలో నెత్తురు లేదు. పక్కన ఎవరైనా ఉంటే దీపం వెలగదా అంది. వెలగదు, నువ్వే చూసుకోవాలన్నాను. ఎంతసేపటికి ఒకసారి చూడాలండీ అంది. నీకు ఎన్నిసార్లు బతకాలని ఉందో అన్నిసార్లు అన్నాను. కొంచెం కటువుగా అన్నానేమో.

రెండో ఆదివారం నాలుగు రోడ్ల కూడలి మధ్యలో ఇంజను ఆగిపోయింది. వెనక పెద్ద లారీ. అతను హారన్ మోగించి, తల బయటపెట్టి, చెప్పకూడని మాట ఒకటి అన్నాడు. ఈ పిల్ల ఏం చేసిందనుకున్నారు? తను కూడా తల బయటపెట్టి, "తమకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము" అంది. అతను జన్మలో అలాంటి మాట విని ఉండడు. హారన్ ఆపేసి, ఫరవాలేదండీ అన్నాడు.

మార్కులు మొదటి వారం తొంభై, రెండో వారం డెబ్భై ఆరు, మూడో వారం యాభై తొమ్మిది, మొన్న నలభై నాలుగు. ఈ పిల్లకి చేయి తిరుగుతున్న కొద్దీ మీ అంకె పడిపోతోంది. మొదటి వారం మెడ తిప్పింది ఒకటి రెండుసార్లే, అందుకని తొంభై. మొన్న నా ఒళ్ళో సూదికి ఒక్క కుదుపు లేదు, చుట్టూ చూసుకుంటూ పద్ధతిగా నడిపింది, కారు దారి పొడుగునా కూస్తూనే ఉంది. ఇంకొక్క పదమూడు తగ్గితే మా వాడి దగ్గరికి వస్తాం.

ఇట్లు,
మాస్టారి అమ్మ

మళ్ళీ రాస్తున్నది: టెక్నీషియన్ గారు కూడా అదే రోజు వస్తారు. ఆయనా ఈ పిల్లా ఎదురుపడి, ఇద్దరూ ఒకేసారి తలలు దించుకున్నారు. నేను ఇచ్చిన టీ కూడా చెరో గోడకేసి తిరిగి తాగారు.

ఇంకోసారి రాస్తున్నది: మీకు పెళ్ళయిందా బాబూ? ఈ పిల్ల మంచిది. ఒక్కోసారి అచ్చం మీరు ఉత్తరం రాసినట్టే మాట్లాడుతుంది. చెప్పమంటే కదిపి చూస్తాను.

---

గౌరవనీయులైన అమ్మగారికి,

తమ ఉత్తరం అందింది. ముప్ఫై ఒకటి తెర మీద కనిపించిన వెంటనే ఇంజను ఆపి తాళం తీయవలసిందిగా మనవి. ముప్ఫైకి జారితే మళ్ళీ అరటిపండు మనిషిని పంపవలసి వస్తుంది.

నేర్చుకుంటున్న సదరు అమ్మాయిని మరీ అంత కోప్పడవద్దని కోరుతున్నాము. ఇది విభాగపు అభిప్రాయం.

ఇట్లు,
మూడవ బల్ల

గమనిక: పెళ్ళి విషయం పరిశీలించాము. మూడవ బల్లకు ఇంకా కాలేదు. కాని ఈ సంబంధంలో సాంకేతికమైన ఇబ్బంది ఒకటి ఉంది. వివరాలు తరువాత.

---

మూడో బల్ల గారికి నమస్కారం.

వచ్చింది బాబూ.

ఈ ఆదివారం పెద్ద రోడ్డు, బజారు, వంతెన అన్నీ తిరిగి సందు మొదటికి వచ్చేసరికి తెర మీద ముప్ఫై నాలుగు. ఇంకా మూడు తగ్గాలి. మిగిలింది షెడ్డులోకి వెళ్ళడమే. ఎప్పుడూ ముందుకు పోనిచ్చేది కదా, ఆ రోజు వెనక్కి తీసుకెళ్తానంది. నోరు కట్టేసుకుని కూర్చున్నాను. మెడ పూర్తిగా తిప్పి, చెయ్యి సీటు వీపు మీద వేసి, ముప్ఫై అడుగులూ ఒకే ఊపిరిలా తీసుకెళ్ళింది. మీ కారు, చూపు రోడ్డు మీద లేదు అని మూడుసార్లు కూసింది. ముప్ఫై మూడు, ముప్ఫై రెండు, ముప్ఫై ఒకటి. గోడ జానెడు దూరంలో ఉండగా తాళం తీసేసింది.

టెక్నీషియన్ గారు సందు మొదట్లో నిలబడి చూస్తున్నారు. చప్పట్లు కొట్టబోయి, ఎందుకో మానేసి, చేతులు వెనక్కి పెట్టుకున్నారు.

ఎర్ర దారం తాళం గుడ్డలో చుట్టి బీరువాలో పెట్టాను. మిగిలిన తాళంతో నేర్పడం మొదలుపెడదామని బడి బస్సు ఆయన అంటున్నాడు. ఆయన ముందు కూర్చుంటాడు, నేను వెనక. చూడాలి.

మా వాడి అంకె ముప్ఫై ఒకటి అని ఒక కాగితం మీద రాసి, ముద్ర కొట్టి పంపండి. ఇక దాన్ని ఎవరూ పెంచకూడదు.

మీ చేత చాలా పని చేయించాను. మీ అమ్మగారు ఉంటే, నా నమస్కారం చెప్పండి.

ఇట్లు,
మాస్టారి అమ్మ

మళ్ళీ రాస్తున్నది: అసలు ముప్ఫై ఒకటి ఎందుకు వచ్చిందో, ఆ పాత లెక్క ఎక్కడైనా ఉంటే చూడాలని ఉంది. మెడ తిప్పినందుకేనని తెలుసు. ఊరికే కంటితో చూసుకుందామని. దొరక్కపోయినా ఫరవాలేదు.

---

అమ్మా,

ఇది ఆఫీసు కాగితం కాదు, నా సొంత కాగితం. ఆదివారాలు వచ్చే పిల్లను నేనే. మూడో బల్ల కూడా నేనే. మీరు బాబూ అని రాసినప్పుడల్లా దిద్దాలనుకున్నాను. కాని ఆ విభాగంలో చేరాక నన్ను ఎవరైనా ఏదైనా అని పిలవడం అదే మొదలు. అందుకని ఊరుకున్నాను. పెళ్ళి సంబంధంలో ఇబ్బంది ఏమిటో ఇప్పుడు అర్థమై ఉంటుంది. నన్ను నేను చేసుకోవడానికి కుదరదు.

మొదటి ఆదివారం నేర్చుకుందామని రాలేదు. మెడ తిప్పమన్నారు కదా, నిజంగా అక్కడ కనిపించనిది ఏమైనా ఉంటుందా అని చూసి పోదామని వచ్చాను. ఆ రోజు మీ వీధి మలుపులో మెడ తిప్పితే సైకిలు మీద ఒక ముసలాయన కనిపించాడు. అద్దంలో లేడు. ఆరేళ్ళుగా నా కారు పక్కన అలాంటి చోట్ల ఎంతమంది ఉన్నారో, వాళ్ళను కాపాడింది దీపమో వాళ్ళ అదృష్టమో నాకు తెలియదు. నేను మాత్రం కాదు. మర్నాడు ఆఫీసుకి బస్సులో వెళ్ళాను.

ఇప్పుడు నా కారు నేనే నడుపుతున్నాను. తొంభై ఆరు ఉండేది, ముప్ఫై ఎనిమిదికి వచ్చింది. మొన్న ఇంటికి ఉత్తరం వచ్చింది. నేను బలహీన చోదకుల వర్గంలో ఉన్నానట, ప్రాథమిక మెలకువల తరగతిలో చేరాలట. కింద సంతకం మూడవ బల్ల. రోజుకి రెండు వందలు సంతకం చేస్తాను, నా పేరున్నది నేనే చదవకుండా పంపేశాను. టెక్నీషియన్ గారిది కూడా అదే కట్టలో వెళ్ళింది. మేమిద్దరం ఇప్పుడు ఆఫీసులో తలలు దించుకోవడం లేదు.

మీరడిగిన కాగితం జతచేశాను. పేరు, ముప్ఫై ఒకటి, ముద్ర. పై అధికారి సంతకం కూడా ఉంది. ఏమిటని అడక్కుండా చేశారు. ఇక అది మారదు.

వచ్చే ఆదివారం నేర్చుకోవడానికి కాకపోయినా వస్తాను. రావచ్చు కదా.

ఇట్లు,
మీ మూడో బల్ల

మళ్ళీ రాస్తున్నది: పాత లెక్క దొరికింది. మీ అబ్బాయిగారికి పోయిన మార్కులు అరవై తొమ్మిది. దారి తిన్నగా ఉండేదేమో, మెడ తిప్పినందుకు పోయినవి పదకొండే. స్విచ్చులు ఆపినందుకు తొమ్మిది. మిగిలిన నలభై తొమ్మిదికీ ఒకటే కారణం రాసి ఉంది. "చోదకుడి చూపు రోడ్డు మీద నుంచి తొలగింది. దిశ: లోపలి అద్దం, వెనక సీటు. రెండు వందల అరవై మూడు సార్లు." ఎవరిని చూశారో కారుకి తెలియదు, అందుకని రాయలేదు. తేదీలు మాత్రం ఉన్నాయి. మూడో ఆదివారం వంతెన మీద మీరు నాతో ఒక మాట అన్నారు. జ్వరం రాకముందు వారం మీకు కళ్ళు తిరుగుతుంటే మీ వాడు నాలుగు రోజులు ఆసుపత్రికి తీసుకెళ్ళి తీసుకొచ్చాడని, పోనూ రానూ పాతిక కిలోమీటర్లు, ఒక్క రోజైనా ఎలా ఉందమ్మా అని అడగలేదని, వాడి ధ్యాసంతా రోడ్డు మీదేనని. అమ్మా, ఆ వంద కిలోమీటర్లు ఇవే.